ఊరి చెరువులో శక్తి లెక్క తేల్చడం ఎలా?

ఆహారపు గొలుసు బొమ్మ చూడనివారు ఉండరు. నాచు, నాచును తినే పురుగు, పురుగును తినే చేప, చేపను తినే కొంగ. బాణాలన్నీ ఒకే మందంతో ఉంటాయి. ఏ బాణం గుండా ఎంత శక్తి వెళుతోందో ఆ బొమ్మ చెప్పదు. ప్రతి ప్రాణి ఒంటిలోంచి వేడిగా బయటికి పోయేదీ, చచ్చి బురదలో కలిసేదీ అందులో కనిపించవు. నాచు పట్టుకున్న శక్తిలో అతి పెద్ద వాటాలు సరిగ్గా ఆ రెండే. బొమ్మ గీయడంతో ఆగిపోయిన విద్యార్థికి ఆవరణ వ్యవస్థ సగమే తెలిసినట్టు అని నా అభిప్రాయం. మిగతా సగం కొలిస్తేనే తెలుస్తుంది.

కొలవడం కష్టమేమీ కాదు. ఒక చెరువు, తొమ్మిది సీసాలు, కళాశాల రసాయనశాలలో దొరికే మూడు నాలుగు ద్రావణాలు, ఒక పగలూ ఒక రాత్రీ చాలు. డిగ్రీ విద్యార్థులు, ఉపాధ్యాయులు, తమ ఊరి చెరువు మీద ఆసక్తి ఉన్నవారు ఎవరైనా చేయగలిగేలా ఈ పద్ధతిని వరుసగా చెబుతాను. మధ్యలో వచ్చే చెరువు అంకెలు లెక్క అర్థం కావడానికి నేను ఊహించి వేసినవి. మీ చెరువు అంకెలు మీకే రావాలి.

మొదటి మెట్టు: చెరువును ఎంచుకోవడం

మేత వేయని చెరువునే ఎంచుకోండి. ఇది అన్నిటికన్నా ముఖ్యమైన షరతు. కొల్లేరు చుట్టుపక్కల చేపల చెరువుల్లో నూనె తీసిన తవుడు బస్తాలకొద్దీ పోస్తారు. అక్కడ పెరిగే చేపలోని శక్తిలో ఎక్కువ భాగం ఎక్కడో వరిచేలో పడిన ఎండ. చెరువు మీద పడిన ఎండతో దాన్ని పోల్చితే లెక్క తప్పుతుంది. ఏటా చేపపిల్లలు వదిలి, మేత లేకుండా పెంచి, పట్టుకునే సాగునీటి చెరువు మనకు సరిపోతుంది.

తరువాత హద్దు గీయండి. కట్ట, అలుగు, తూము, నీరు చేరే వాగు, వీటి మధ్య ఉన్న నీరూ, అడుగున ఉన్న బురదా మన వ్యవస్థ. వాగుతో కొట్టుకొచ్చే ఆకులు, గట్టున మేసి నీటిలో దిగే గేదెల పేడ బయటినుంచి వచ్చే జమ. అలుగు దూకిపోయే నీటిలోని నాచు, పట్టుకెళ్ళే చేప బయటికి పోయే ఖర్చు. అలుగు పారుతున్న రోజుల్లో కొలత పెట్టుకోకండి. వానలు వెనకబట్టి నీరు నిలకడగా ఉన్న నవంబరు, డిసెంబరు నెలలు అనువైనవి.

లోతు తెలియని చెరువులో ఒంటరిగా దిగవద్దు. రోజూ వల వేసే మనిషిని వెంటపెట్టుకుని, ఆయన తెప్ప మీదే వెళ్ళండి. ఎక్కడ మడుగు ఉంది, ఏ చేప ఎక్కడ తిరుగుతుంది, ఏ నెలలో నీరు ఆకుపచ్చగా మారుతుంది అనేవి ఆయన దగ్గరే తెలుస్తాయి. ఆ వివరాలు తరువాత లెక్కలోకి వస్తాయి.

రెండో మెట్టు: వచ్చే శక్తి

తెలుగు నేల మీద ఏడాది సగటున ఒక చదరపు మీటరుకు రోజుకు సుమారు 5 కిలోవాట్ గంటల ఎండ పడుతుంది. కరెంటు బిల్లులో రాసే యూనిట్ కూడా ఇదే, కాబట్టి 5 యూనిట్లు అనుకోండి. ఒక యూనిట్ 860 కిలో క్యాలరీలు. అంటే చదరపు మీటరుకు రోజుకు దాదాపు 4,300 కిలో క్యాలరీలు.

ఇందులో కిరణజన్య సంయోగక్రియకు పనికొచ్చే కాంతి సగానికి కొంచెం తక్కువ. మిగతాది ఎక్కువగా పరారుణ కిరణాలు. అవి నీటిని వేడిచేస్తాయి, ఆవిరి చేస్తాయి. పనికొచ్చే సగంలోనూ కొంత నీటి పైనుంచి పరావర్తనం చెందుతుంది, కొంత మట్టి రేణువులకు తగిలి ఆరిపోతుంది. నాచుకు చిక్కేది చాలా కొద్దిగానే. ఆ కొద్ది ఎంతో సీసాలు చెబుతాయి.

మూడో మెట్టు: వెలుగు ఎంత లోతుకు దిగుతుంది?

ఇరవై సెంటీమీటర్ల వెడల్పున్న గుండ్రటి రేకు ముక్క తీసుకోండి. నాలుగు భాగాలు చేసి ఒకటి విడిచి ఒకటి నలుపు, తెలుపు రంగులు వేయండి. మధ్యలో రంధ్రం చేసి తాడు కట్టి, కింద బరువు వేలాడదీయండి. ఇటలీకి చెందిన ఏంజెలో సెక్కీ 1865లో మధ్యధరా సముద్రంలో ఇలాంటి పళ్ళెంతోనే నీటి స్వచ్ఛతను కొలిచాడు. అందుకే దీన్ని సెక్కీ పళ్ళెం అంటారు.

తెప్ప నీడపడే వైపు నిలబడి, పళ్ళేన్ని మెల్లగా దించుతూ అది కనుమరుగైన చోట తాడు మీద గుర్తు పెట్టండి. ఇంకొంచెం దించి, పైకి లాగుతూ మళ్ళీ కనిపించిన చోట మరో గుర్తు పెట్టండి. రెండింటి సగటే సెక్కీ లోతు. దానికి రెండు నుంచి మూడు రెట్ల లోతు వరకూ నాచు పనిచేయగల వెలుగు ఉంటుందని స్థూలంగా అనుకోవచ్చు. మన ఊహాచెరువులో సెక్కీ లోతు 40 సెంటీమీటర్లు, నీటి లోతు 1 మీటరు అనుకుందాం.

నాలుగో మెట్టు: తెల్ల సీసా, నల్ల సీసా

ఈ పద్ధతి అంతటికీ గుండెకాయ ఇదే కనుక ఇక్కడ తొందరపడకండి. 1927లో నార్వే శాస్త్రవేత్తలు గార్డర్, గ్రాన్ చూపిన దారి ఇది. దీని వెనకున్న ఆలోచన చాలా సూటిగా ఉంటుంది. నాచు ఎండను పట్టి చక్కెర తయారుచేస్తే ఆక్సిజన్ విడుదలవుతుంది. ఏ జీవి శ్వాసించినా ఆక్సిజన్ ఖర్చవుతుంది. కాబట్టి ఆక్సిజన్ ఎంత పెరిగిందో, ఎంత తగ్గిందో చూస్తే శక్తి ఎంత చేరిందో, ఎంత కాలిపోయిందో తెలిసిపోతుంది.

300 మిల్లీలీటర్ల గాజు మూత సీసాలు తీసుకోండి. ఒక్కో లోతుకు మూడు కావాలి. మొదటిది ఆరంభ సీసా, దాన్ని వెంటనే పరీక్షించాలి. రెండోది తెల్ల సీసా, అంటే వెలుతురు లోపలికి పోయే మామూలు గాజు సీసా. మూడోది నల్ల సీసా, వెలుతురు సందు కూడా లేకుండా అల్యూమినియం రేకు చుట్టి, పైన నల్ల గుడ్డ కట్టాలి. ఏ లోతులో వేలాడదీయబోతున్నారో ఆ లోతు నీటినే నింపండి. నింపేటప్పుడు గాలి బుడగ ఒక్కటి కూడా లోపల మిగలకూడదు. సన్నని గొట్టాన్ని సీసా అడుగు దాకా దించి, నీరు పొర్లేదాకా నింపి, గొట్టాన్ని మెల్లగా తీసి మూత పెట్టడమే మార్గం. చాలామంది ఫలితాలు పాడయ్యేది ఈ ఒక్క చోటే.

10, 40, 80 సెంటీమీటర్ల లోతుల్లో తెల్ల, నల్ల సీసాలను తాడుకు కట్టి, నీటిలో పాతిన గుంజకు వేలాడదీయండి. ఉదయం 9 గంటలకు దించి మధ్యాహ్నం 12కు తీయండి. మూడు గంటలకన్నా ఎక్కువసేపు ఉంచితే పచ్చటి నీటిలో ఆక్సిజన్ బుడగలుగా తేలిపోతుంది, సీసా గోడల మీద బాక్టీరియా పెరుగుతుంది.

ఆక్సిజన్ కొలవడానికి మీటరు ఉంటే పని సులువు. లేకపోతే వింక్లర్ పద్ధతి. సీసా తీసిన వెంటనే, గట్టు మీదే, మాంగనస్ సల్ఫేట్ ద్రావణం, క్షార అయొడైడ్ ద్రావణం చెరో రెండు మిల్లీలీటర్లు నీటి లోపలికి దించి వేయండి. గోధుమరంగు అవక్షేపం వస్తే ఆక్సిజన్ కట్టుబడిందన్నమాట. తెల్లగానే ఉండిపోతే ఆక్సిజన్ లేదు. ప్రయోగశాలకు తెచ్చాక గాఢ సల్ఫ్యూరిక్ ఆమ్లం వేస్తే అవక్షేపం కరిగి నీరు పసుపురంగుకు మారుతుంది. పిండి ద్రావణాన్ని సూచికగా వాడి, సోడియం థయోసల్ఫేట్‌తో నీలం రంగు పోయేదాకా అంశమాపనం (టైట్రేషన్) చేయాలి. గాఢ ఆమ్లాన్ని తెప్ప మీదికి తీసుకెళ్ళకండి. ఆ పని ప్రయోగశాలలో, అధ్యాపకుల సమక్షంలోనే జరగాలి.

ఐదో మెట్టు: అంకెలను శక్తిగా మార్చడం

మన ఊహాచెరువులో ఆరంభ సీసాలన్నిటిలో లీటరుకు 5.6 మిల్లీగ్రాముల ఆక్సిజన్ ఉంది. మూడు గంటల తరువాత నల్ల సీసాల్లో 5.3 మిగిలింది. తెల్ల సీసాల్లో 10 సెంటీమీటర్ల దగ్గర 7.7, 40 దగ్గర 6.8, 80 దగ్గర 5.6 వచ్చింది.

తెల్ల సీసాలోంచి నల్ల సీసాను తీసేస్తే స్థూల ఉత్పత్తి, అంటే నాచు మొత్తం తయారుచేసినది. వరుసగా 2.4, 1.5, 0.3. ఆరంభ సీసాలోంచి నల్ల సీసాను తీసేస్తే శ్వాసక్రియ, 0.3. తెల్ల సీసాలోంచి ఆరంభ సీసాను తీసేస్తే మిగులు. 80 సెంటీమీటర్ల దగ్గర ఈ మిగులు సున్నా అని గమనించండి. అక్కడ తయారైనదంతా అక్కడే ఖర్చయిపోయింది. ఆ గీతకు పైన చెరువు సంపాదిస్తుంది, కింద ఖర్చుపెడుతుంది. సెక్కీ లోతుకు సరిగ్గా రెండు రెట్ల దగ్గర ఆ గీత పడింది.

లీటరుకు మిల్లీగ్రాము అంటే ఘనపు మీటరుకు గ్రాము. పై 25 సెంటీమీటర్ల పొరకు 10 సెంటీమీటర్ల సీసా, 25 నుంచి 60 దాకా 40 సెంటీమీటర్ల సీసా, 60 నుంచి 100 దాకా 80 సెంటీమీటర్ల సీసా ప్రతినిధులు. 2.4ను 0.25తో, 1.5ను 0.35తో, 0.3ను 0.4తో గుణించి కలిపితే చదరపు మీటరుకు 1.245 గ్రాములు. ఇది మూడు గంటల లెక్క. మబ్బు లేని పన్నెండు గంటల పగటిలో 9 నుంచి 12 దాకా పడే ఎండ రోజు మొత్తంలో సుమారు 35 శాతం. అందుకే 1.245ను 0.35తో భాగించాలి. రోజుకు 3.56 గ్రాముల ఆక్సిజన్ వస్తుంది.

ఇప్పుడు శక్తి. ఒక మోల్ గ్లూకోజు తయారైతే 192 గ్రాముల ఆక్సిజన్ విడుదలవుతుంది, దాదాపు 686 కిలో క్యాలరీలు నిల్వపడతాయి. అంటే గ్రాము ఆక్సిజన్‌కు సుమారు 3.5 కిలో క్యాలరీలు. మన చెరువు చదరపు మీటరుకు రోజుకు 12.5 కిలో క్యాలరీలు పట్టుకుంది. పడిన 4,300తో పోల్చితే ఇది 0.3 శాతం.

ఈ అంకె చూసి నిరాశపడకండి. అమెరికాలోని మినెసోటా రాష్ట్రంలో సెడార్ బాగ్ అనే చిన్న సరస్సును ఐదేళ్ళు పరిశీలించిన రేమండ్ లిండెమన్ లెక్కలో ఇది 0.1 శాతమే. జీవావరణాన్ని శక్తి లెక్కలతో చూడటం నేర్పిన ఆ వ్యాసం 1942లో అచ్చయింది. దాన్ని అచ్చులో చూడకుండానే ఆయన 26 ఏళ్ళకే కన్నుమూశాడు. అన్ని లెక్కలు ఇంత చిన్న చెరువు మీద, ఇంత చిన్న వయసులో చేశాడంటే ఇప్పటికీ ఆశ్చర్యంగానే ఉంటుంది.

ఆరో మెట్టు: రాత్రి మెలకువగా ఉండండి

సీసాలో పట్టేది నీరు, నాచు, సూక్ష్మజీవులు మాత్రమే. చేపా పట్టదు, బురదా పట్టదు. ఆ రెండింటి ఖర్చు తెలియాలంటే రాత్రి మొత్తం చెరువును గమనించాలి. సాయంత్రం 6 గంటలకు, తెల్లవారుజామున 6 గంటలకు నీటిలోని ఆక్సిజన్ కొలవండి. వేరువేరు లోతుల్లో కొలిచి సగటు తీయండి.

మన చెరువులో సాయంత్రం లీటరుకు 7.3 మిల్లీగ్రాములు, తెల్లవారుజామున 5.5 వచ్చిందనుకుందాం. పన్నెండు గంటల్లో 1.8 తగ్గింది. నల్ల సీసా చెప్పిన వేగంతో అయితే 1.2 మాత్రమే తగ్గాలి. మిగతా 0.6 బురదలోని జీవులు, చేపలు, నత్తలు కలిసి ఖర్చుచేసినది. నీటి ఉపరితలం నుంచి రాత్రంతా కొంత గాలి ఆక్సిజన్ లోపలికి చేరుతుంది కనుక నిజమైన ఖర్చు ఇంకాస్త ఎక్కువే ఉండవచ్చు. గాలి లేని రాత్రి కొలిస్తే ఈ తేడా తగ్గుతుంది.

పగలూ ఇదే వేగం అనుకుంటే, మీటరు లోతున్న మన చెరువులో చదరపు మీటరుకు రోజంతటికీ శ్వాసక్రియ 3.6 గ్రాములు, అంటే 12.6 కిలో క్యాలరీలు. సంపాదన 12.5. పగలు పట్టుకున్న శక్తి ఇంచుమించు అంతా మరుసటి తెల్లవారేసరికి వేడిగా మారి నీటిలోకీ, గాలిలోకీ పోయింది. ఆ వేడిని తిరిగి పట్టి చక్కెర చేయగల ప్రాణి లేదు. నత్రజని, భాస్వరం బురదలోంచి నాచుకు, నాచులోంచి మళ్ళీ బురదకు తిరుగుతూ ఉంటాయి. శక్తికి ఆ తిరుగుదారి లేదు, రేపు మళ్ళీ సూర్యుడు రావలసిందే.

చేపలు పెంచేవారికి ఈ మెట్టు ప్రాణావసరం కూడా. రెండు మూడు రోజులు మబ్బుపడితే సంపాదన పడిపోతుంది, ఖర్చు మాత్రం ఆగదు. పచ్చగా చిక్కబడిన చెరువుల్లో తెల్లవారుజామున చేపలు పైకి తేలి నోళ్ళు తెరుస్తూ కనిపించడానికి కారణం అదే. అప్పుడు మేత ఆపి, నీటిని కదిలించి గాలి చేర్చాలి.

ఏడో మెట్టు: ఎవరు ఎవరిని తింటున్నారు?

ఇక బొమ్మ గీయవచ్చు. బాణం తినబడేదాని నుంచి తినేదాని వైపు వెళ్ళాలి, ఎందుకంటే శక్తి అటే పోతుంది. పరీక్షల్లో చాలామంది తిరగేసి గీసేది ఇక్కడే.

జాబితా పుస్తకంలోంచి రాయకండి. వల వేసినప్పుడు నాలుగైదు రకాల చేపలు కొని, కడుపు కోసి, పేగులోని పదార్థాన్ని సూక్ష్మదర్శినిలో చూడండి. బొచ్చె పైనీటిలో తిరుగుతూ ఎక్కువగా జంతుప్లవకాలను, అంటే నీటిలో తేలే అతి చిన్న జంతువులను తింటుంది. కొన్నిచోట్ల శీలావతి అని పిలిచే రోహు మధ్యనీటిలో నాచునూ మొక్కల పదార్థాన్నీ తింటుంది. మృగాల అడుగున కుళ్ళుతున్న పదార్థాన్ని తింటుంది. కొర్రమీను వీటి పిల్లలనూ, కప్పలనూ, చిన్న చేపలనూ పట్టి తింటుంది. ఒకే చెరువులో బొచ్చె, రోహు, మృగాల అనే మూడు పెంపుడు చేపలను కలిపి పెంచడం వెనక ఉన్న తెలివి ఇదే. శక్తి పారే మూడు వేరువేరు దారుల దగ్గర మూడు నోళ్ళు ఉంటాయి.

ఒక్కో చేపను ఒకే పోషక స్థాయిలో, అంటే ఆహారపు గొలుసులో ఒకే మెట్టు మీద బిగించకండి. కడుపులో మూడో వంతు నాచు, మిగతాది జంతుప్లవకాలు ఉంటే ఆ చేపను అదే నిష్పత్తిలో రెండు స్థాయిలకూ పంచి రాయండి. గట్టు మీది లకుముకి పిట్టనూ, నీటికాకినీ మరవవద్దు. పక్షులు వెచ్చని ఒళ్ళున్నవి. జీర్ణించుకున్న శక్తిలో నూటికి ఒకటి నుంచి మూడు వంతులే వాటి శరీరంగా మారతాయి, మిగతాది ఒంటి వేడి నిలుపుకోవడానికే పోతుంది. చేపకు ఆ బాధ లేదు, అందుకే అంతకన్నా చాలా ఎక్కువ నిలుపుకోగలదు.

ఎనిమిదో మెట్టు: వలలో పడింది ఎంత?

మత్స్యకారుల సంఘం దగ్గర ఏడాది దిగుబడి అడగండి. మన ఊహాచెరువు 25 ఎకరాలు, అంటే దాదాపు 10 హెక్టార్లు. ఏడాదికి 3 టన్నుల చేప పట్టారనుకుందాం. చదరపు మీటరుకు 30 గ్రాములు. పచ్చి చేప గ్రాముకు సుమారు 1 కిలో క్యాలరీ, కనుక 30 కిలో క్యాలరీలు. ఏడాది స్థూల ఉత్పత్తి 12.5ను 365తో గుణిస్తే 4,560 దాకా వస్తుంది. వలలో పడింది అందులో 0.66 శాతం.

ఒక మెట్టు శక్తిలో పది శాతమే పై మెట్టుకు చేరుతుందని పాఠ్యపుస్తకాల్లో చెప్పే పది శాతం సూత్రాన్ని ఇక్కడ జాగ్రత్తగా వాడాలి. అది సగటు. లిండెమన్ సరస్సులోనే శాకాహారుల దగ్గర 13.3 శాతం, మాంసాహారుల దగ్గర 22.3 శాతం వచ్చింది. కొలవకుండా ప్రతి మెట్టు దగ్గరా పదితో భాగించుకుంటూ పోవడం లెక్క అనిపించుకోదు. పైగా వలలో పడినది చేప ఉత్పత్తి మొత్తం కాదు. కొంగ తిన్నది, కొర్రమీను మింగినది, పెరగకుండానే చచ్చినది ఆ 30లో లేవు.

తొమ్మిదో మెట్టు: జమాఖర్చు సరిపోయిందా?

ఇక్కడ ఒక పాత నమూనాను పక్కన పెట్టుకోండి. అమెరికాలోని ఫ్లోరిడాలో సిల్వర్ స్ప్రింగ్స్ అనే ఊటనీటి ఏరు ఉంది. హోవర్డ్ ఓడమ్ 1957లో దాని శక్తి లెక్క ప్రచురించాడు. చదరపు మీటరుకు ఏడాదికి కిలో క్యాలరీలలో చెబితే, మొక్కలు పట్టుకున్నది 20,810. అందులో 11,977 మొక్కల శ్వాసకే పోయింది. శాకాహారులకు చేరింది 3,368, మాంసాహారులకు 383, పై మెట్టు మాంసాహారులకు 21. విచ్ఛిన్నకారులకు చేరింది మాత్రం 5,060.

ఆ చివరి అంకె దగ్గర ఆగి ఆలోచించండి. ఆహారపు గొలుసులో ప్రధాన పాత్రలుగా గీసే మాంసాహారులకన్నా, బొమ్మ మూలన చిన్నగా రాసే బాక్టీరియాకూ బూజుకూ పది రెట్లకు పైగా శక్తి అందింది.

లెక్క ఎంత చక్కగా కలిసిందో కూడా చూడండి. బయటినుంచి కొట్టుకొచ్చింది 486. దాన్ని 20,810కి కలిపితే 21,296. అందరి శ్వాస మొత్తం 18,796, నీటితో దిగువకు పోయింది 2,500. రెండూ కలిపితే అదే 21,296.

మీ కాగితం మీదా ఇలాగే ఎడమవైపు స్థూల ఉత్పత్తి, బయటినుంచి వచ్చినది. కుడివైపు శ్వాస, వలలో పడినది, నీటితో పోయినది రాయండి. తేడా తప్పకుండా వస్తుంది. మన ఊహాచెరువులో రోజుకు సంపాదన 12.5, శ్వాస 12.6, వలలో పడింది సగటున 0.08. ఖర్చు కొంచెం ఎక్కువ తేలింది. కొలతలో ఉండే పొరపాటు ఇంతకన్నా పెద్దది కనుక దీన్ని పట్టించుకోనక్కరలేదు. తేడా సంపాదనలో ఐదో వంతు దాటితే మాత్రం కారణం వెతకాలి. శ్వాస బాగా ఎక్కువైతే వాగు తెచ్చిన ఆకూ పేడా కుళ్ళుతున్నాయి, లేదా మురుగు కలుస్తోంది. సంపాదన బాగా ఎక్కువైతే మిగిలినది బురదగా పేరుకుంటోంది.

గుర్రపుడెక్క ఉన్న చోట

గుర్రపుడెక్క కమ్మిన చెరువులో సీసాలు సరైన జవాబు ఇవ్వవు. ఆకులు నీటిపైన గాలిలో పనిచేస్తాయి, వాటి ఆక్సిజన్ నీటిలోకి రాదు. కింద చీకటి, నాచు ఉండదు. అక్కడ వెదురు బద్దలతో ఒక మీటరు చదరపు చట్రాలు కట్టి నీటిపై తేలనివ్వండి. మొదటిరోజు కొన్ని చట్రాల్లోని మొక్కలను వేళ్ళతో సహా తీసి, ఎండబెట్టి, బరువు పూర్తిగా స్థిరపడ్డాక తూచండి. పదిహేను రోజుల తరువాత మిగిలిన చట్రాల్లోవి అలాగే తూచండి. పెరిగిన ఎండు బరువు గ్రాముకు సుమారు 4 కిలో క్యాలరీలు. ఇది మొక్క శ్వాసకు పోగా మిగిలిన నికర ఉత్పత్తి, స్థూలం కాదు, కాబట్టి సీసాల అంకె పక్కన నేరుగా రాయకూడదు. ఈ మొక్కను మన చెరువుల్లో తినే ప్రాణులు తక్కువ. దాని శక్తిలో దాదాపు అంతా కుళ్ళి బురద దారిలోనే పోతుంది. ఆ కుళ్ళు కింద ఉన్న ఆక్సిజన్‌ను తాగేస్తుంది కనుక చట్రం కిందా, ఖాళీ నీటిలోనూ తెల్లవారుజామున విడివిడిగా ఆక్సిజన్ కొలిచి, రెండు అంకెలూ రాసుకోండి.